గడ్డిదుడ్డె

సూర్యాపేట చుట్టుపక్కల పది ఊళ్ళలో ఎక్కడ బర్రె ఈని దుడ్డె చచ్చినా ముందు సుక్కమ్మకే కబురు వచ్చేది. ఆమె వెళ్ళి, చచ్చిన దుడ్డె తోలు తీయించి, ఉప్పు రాసి నీడన ఆరబెట్టి, లోపల వరిగడ్డి కూరి, దబ్బనంతో కుట్టి, కాళ్ళకు కర్రలు పెట్టి నిలబెట్టేది. తల్లి బర్రె దాన్ని వాసన చూసి, నాకి, పాలు చేపేది. దుడ్డె పోయింది సరే, పాలెందుకు పోవాలె అని సుక్కమ్మ అడిగేది.

ఆ ఇంటికి 2006లో నేరేడుచర్ల నుంచి కోడలుగా వచ్చిన సౌందర్య, వచ్చిన మూడో రోజే కొట్టంలో ఆ గడ్డిదుడ్డెను చూసింది. కళ్ళు ఉండాల్సిన చోట రెండు కుట్లు. నాకి నాకి నెత్తి మీద వెంట్రుకలన్నీ రాలిపోయి తోలు నున్నగా మెరుస్తోంది. బర్రె మాత్రం కన్నబిడ్డను నాకినట్టే నాకుతోంది.

"బర్రెకు తెల్వదా అత్తమ్మా?" అని అడిగింది.

"తెలిస్తే నాకుతదా? పిచ్చి ముండది," అంది సుక్కమ్మ, పొదుగు కడుగుతూ.

సుక్కమ్మ పుట్టుకతోనే ఇంత రాయి కాదు. ఆ సంగతి సౌందర్యకు మొగుడు వేణు చెప్పాడు. వేణు తండ్రి ఈదయ్య గొర్రెల కాపరి. 2001 ఎండాకాలంలో మందతో దామరచర్ల వైపు కృష్ణ ఒడ్డుకు వలస వెళ్ళి, అక్కడే పిడుగు పడి పదకొండు గొర్రెలతో పాటు పోయాడు. అప్పుడు సుక్కమ్మ ఏడ్చిన ఏడుపు ఊరు ఊరంతా చెప్పుకుంది. రెండేళ్ళ పాటు ఏడ్చింది. పొయ్యి ముందు ఏడ్చింది, బావి దగ్గర ఏడ్చింది, పెళ్ళిళ్ళకు వెళ్ళి అక్కడా ఏడ్చింది. చివరికి ఆమె ఎదురొస్తే జనం సందు మార్చుకుని వెళ్ళేవాళ్ళు. ఓదార్చడానికి కూడా ఊరికి ఒక ఓపిక ఉంటుంది, అది అయిపోయింది. మిగిలిన గొర్రెల్ని అమ్మి రెండు బర్రెలు కొన్నది కొడుకే.

అలాంటి మనిషికి మందు గుట్ట మీద దొరికింది. ఊరి వెనక తాబేలుగుట్ట మీద 2003లో తవ్వకాలు మొదలయ్యాయి. పాత ఇటుకలు బయటపడ్డాయి, బుద్ధుడి కాలం నాటివన్నారు. సుక్కమ్మ మట్టి తట్టలు మోయడానికి కూలికి వెళ్ళింది. తవ్వకాల మీద అధికారి దామోదర్ కోదాడ వైపు మనిషి, నెమ్మదస్తుడు. పాలు పిండే వేళకు, మూడు గంటలకల్లా, సుక్కమ్మను దిగిపోనిచ్చేవాడు.

ఒకరోజు ఇటుకల గుండ్రటి దిబ్బ నడుమ రాతిపెట్టె ఒకటి దొరికింది. అందులో చిన్న కుండ. కుండలో చిటికెడు బూడిద, రెండు బొక్కముక్కలు. కూలీలంతా తట్టలు దించి నిలబడ్డారు. ఇది ఎవరిది సారూ అని సుక్కమ్మ అడిగింది. ఎవరో పెద్ద భిక్షువుది, పేరు కూడా మిగల్లేదమ్మా అన్నాడు దామోదర్. అయ్యో, ఈయన కోసం ఎంతమంది ఏడ్చారో అంది ఆమె. అప్పుడాయన ఇటుకల మీద కూర్చుని, పుట్టిందల్లా పగిలేదేనని, కుండైనా గుట్టైనా మనిషైనా అంతేనని, పగిలేదాన్ని పట్టుకుని వేలాడటమే దుఃఖమని, బుద్ధుడు చెప్పిందంతా అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు. సుక్కమ్మ నోరు తెరుచుకుని వింది. రెండేళ్ళుగా గుండెలో గుచ్చుకున్న ముల్లు ఎవరో పిన్నుతో తీస్తున్నట్టనిపించింది.

"ఇది సగమేనమ్మా. మిగతా సగం కూడా వినాలి," అన్నాడు దామోదర్.

సరిగ్గా అప్పుడే గుట్ట కింద బర్రె అరిచింది. యాళయ్యింది సారూ, రేపు ఇంటా అని సుక్కమ్మ కొంగు దులుపుకుని దిగిపోయింది. మరునాడు దామోదర్ ఆ రాతిపెట్టెను తీసుకుని హైదరాబాదు వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. సగం మందు మింగినవాడికి రోగం కుదరదు సరికదా, వైద్యం వచ్చేసిందనుకుంటాడు. సుక్కమ్మకు అదే జరిగింది.

ఆమె ఏడుపు ఆగిపోయింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఇక ఊళ్ళో ఎవరు ఏడ్చినా ఊరుకునేది కాదు. చావు జరిగిన ఇంటికి వెళ్ళి, ఏడుస్తున్న ఆడవాళ్ళ ముందు గొంతుక్కూర్చుని "పట్టుకుంటేనే దుక్కం. ఇడువు" అనేది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడే నయం, వాడు నిప్పు తీసుకుని పోతాడు, ఈమె పోయేది కాదు. పదేళ్ళ కూతురు పాము కరిచి చచ్చిపోతే ఏడుస్తున్న దేవమ్మను మూడు రోజులు వదల్లేదు. చివరికి దేవమ్మ ఏడుపు మానేసి గోడ వైపు తిరిగి పడుకుంది. చూశారా, నెమ్మదించింది అంది సుక్కమ్మ. జనం నిజమేననుకున్నారు. జ్ఞాని అన్నారు. అలా ఆమెకు పది ఊళ్ళలో రెండు పనులు దొరికాయి, చచ్చిన దుడ్డెలకు గడ్డి కూరడం, బతికున్నవాళ్ళ నోట్లో గుడ్డ కుక్కడం.

వేణు మాత్రం మెత్తని మనిషి. మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు డీసీఎం లారీ తోలేవాడు. అక్కడే కిరాయి గదిలో ఉండి శనివారం సాయంత్రం బస్సుకు ఇంటికొచ్చేవాడు. కొట్టం దాటి వెళ్ళేటప్పుడు గడ్డిదుడ్డె నున్నటి నెత్తిని నిమిరి, ఏం తమ్మీ బాగున్నవా అని పలకరించేవాడు. సౌందర్య నవ్వేది. ఆ మూడేళ్ళలో ఆమె నవ్విందంటే శనివారాలే.

2009లో ఒక శుక్రవారం మధ్యాహ్నం, తవుడు బస్తాలతో కోదాడ పోతూ, హైవే పక్కన బండి ఆపి టైరు మారుస్తున్న వేణును బస్సు కొట్టింది. కోదాడ దవాఖానలో పోస్టుమార్టం కోతలన్నీ అయ్యాక, తాను తోలే డీసీఎంలోనే, తవుడు రాలిన చెక్కల మీద పడుకుని ఇంటికొచ్చాడు.

బండి వాకిట్లో ఆగేసరికి సౌందర్య పరిగెత్తింది. గొంతులోంచి ఒక కేక వచ్చింది, సగమే వచ్చింది. వెనక నుంచి సుక్కమ్మ ఆమె నోటిని చేత్తో మూసింది. గట్టిగా మూసింది. ఆ చేయి పాల వాసన వేసింది.

"ఏడ్వకు," అంది కోడలి చెవిలో. "పగిలేదే. పగిలింది. బర్రెకైతే తెల్వదు. నువ్వు మనిషివి గదా."

చుట్టూ ఊరంతా ఉంది. ఒక్కరూ ఆ చేతిని తీసెయ్యలేదు. కన్నతల్లే కన్నీరు పెట్టకుండా నిలబడితే కోడలు ఏడవడమేమిటన్నట్టు చూశారు. ఆ కేక అక్కడే, గొంతు నడుమ, ఆగిపోయింది. మట్టి చేసినప్పుడు రాలేదు, దినం నాడు రాలేదు. తర్వాత సౌందర్య ఒక్కత్తే చేను గట్టున కూర్చుని రమ్మని పిలిచినా రాలేదు. గొంతు దాకా వచ్చేది, పాల వాసన తగిలేది, వెనక్కి పోయేది.

కొడుకు బట్టలన్నీ సుక్కమ్మ మూడో రోజే మూటగట్టి పంచేసింది. చెప్పులు కూడా ఉంచలేదు. పదకొండో రోజున మిర్యాలగూడ నుంచి వేణుతో పనిచేసే మల్లేష్ వచ్చాడు. ఇస్త్రీకి ఇచ్చిన అంగీ ఒకటి దుకాణంలో ఉండిపోయిందని కాగితంలో చుట్టి తెచ్చాడు. లేత నీలం మీద సన్నటి చారలు. సౌందర్య దాన్ని ముక్కుకు ఆనించుకుంది. అందులో వేణు లేడు, ఇస్త్రీపెట్టె బొగ్గు వాసన ఉంది. అయినా సరే, బియ్యం డబ్బా అడుగున దాచుకుంది. మధ్యాహ్నాలు అత్త సూర్యాపేటలో హోటళ్ళకు పాలు పోసి వచ్చేలోపు తీసి ఒళ్ళో పెట్టుకునేది. మళ్ళీ మడతపెట్టి బియ్యం కప్పేది. ఆ అంగీ ఒక్కటీ ఉంటే ఎప్పటికైనా ఏడుపు వస్తుందని ఆమెకు ఆశ.

నెల తిరక్కముందే, బియ్యం కొలుస్తుంటే సుక్కమ్మ చేతికి అది తగిలింది. తిట్టలేదు, అరవలేదు. తెల్లారి సౌందర్య పేడ తీయడానికి కొట్టంలోకి వెళ్ళేసరికి, గడ్డిదుడ్డెను కట్టే గుంజకు ఆనుకుని వేణు అంగీ నిలబడి ఉంది. నిండా వరిగడ్డి. గుండీలన్నీ పెట్టి ఉన్నాయి. చేతుల చివరలు దబ్బనంతో కుట్టి ఉన్నాయి. మెడ దగ్గర గడ్డి కొంచెం పైకి తేలి ఉంది.

"ఇగో, నీ మొగడు," అంది సుక్కమ్మ, వాకిట్లో నలుగురికీ వినబడేలా. "రా, నాకు. నాకి పాలియ్యి."

పాలకొచ్చిన పక్కింటి కమలమ్మ చెంబు పట్టుకుని తల దించుకుంది. నవ్విందో, సిగ్గుపడిందో తెలియదు. ఈ మాట పగవాళ్ళు కూడా అనరు. పగవాళ్ళకు దబ్బనం పట్టుకుని రాత్రంతా కూర్చునే ఓపిక కూడా ఉండదు. ఆమె అది మంచికే చేశాననుకుంది, అసలు దుర్మార్గమంతా అక్కడే ఉంది.

సౌందర్య గుండీలు విప్పి, గడ్డి తీసి, అంగీ దులిపి పెట్టెలో వేసింది. సుక్కమ్మ అడ్డు చెప్పలేదు. ఇక దాన్ని ముట్టదని ఆమెకు తెలుసు. నిజంగానే సౌందర్య ఆ అంగీని మళ్ళీ ఒళ్ళో పెట్టుకోలేకపోయింది. చూస్తే గడ్డే కనబడేది.

వెళ్ళిపోదామంటే వెళ్ళే చోటు లేదు. నేరేడుచర్లలో అన్న ఆటో తోలేవాడు, రెండు రోజులుండి పో చెల్లే అన్నాడు. రెండు అనే మాట మీద వదిన గట్టిగా నిలబడింది. సౌందర్య తిరిగొచ్చి బర్రెల మధ్య పడింది. అత్త దగ్గర దబ్బనం పని కూడా నేర్చుకుంది. ఒకే ఒక్క ఆశ పెట్టుకుని బతికింది. ఏదో ఒకనాడు అత్తకు కూడా చావు వస్తుంది. ఆ రోజు అత్త మాట అత్తకే చెప్పాలి.

2012లో తాబేలుగుట్ట మీద మళ్ళీ తవ్వకాలు మొదలయ్యాయి. చాయ్‌కి పాలు పోయడానికి వెళ్ళిన సౌందర్యకు, గొడుగు వేసుకుని కూర్చున్న ముసలాయన ఎవరో కాదు దామోదర్ అని తెలిసింది. రిటైరై చూసిపోవడానికి వచ్చాడట. ఆమె సుక్కమ్మ కోడలినని చెప్పి, ఒకప్పుడు వేణు నోట విన్న ఆ సగం మాట సంగతి ఎత్తి, మీరు మా అత్తకు చెప్పని రెండో సగమేంది సారూ అని నిలదీసింది. ఆయనకు ముందు గుర్తురాలేదు. గుర్తొచ్చాక, ఆ మొదటి సగంతో సుక్కమ్మ ఏమేం చేసిందో విన్నాక, గొడుగు మూసి పక్కన పెట్టాడు.

"బుద్ధుడు పోయే రోజున, పాతికేళ్ళు ఆయన్ని కనిపెట్టుకుని ఉన్న శిష్యుడొకడు తలుపుచెక్క పట్టుకుని ఏడ్చాడమ్మా," అన్నాడు. "పట్టుకోవద్దని ఎన్నో ఏళ్ళు విన్నవాడే. అయినా ఏడ్చాడు. బుద్ధుడు వాణ్ణి తిట్టలేదు. నోరు మూయలేదు. దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకుని, నన్ను ఎంత ప్రేమగా చూసుకున్నావురా అన్నాడు. అది రెండో సగం. అది లేకపోతే మొదటిది ఉట్టి కత్తి."

సౌందర్య గుట్ట దిగుతూ అత్తకు ఈ మాట చెప్పాలనే అనుకుంది. ఇంటికొచ్చేసరికి, అరుగు మీద ఎవరో బాలింత, బిడ్డ దక్కనిది, కూర్చుని ఉంది. ఆమె గడ్డం పట్టుకుని సుక్కమ్మ ఏడ్వకు, పగిలేదే అంటోంది. సౌందర్య పాలక్యాను దించి లోపలికి వెళ్ళిపోయింది. చెప్పలేదు. అత్త దగ్గర లేనిది, తన దగ్గర ఉన్నది, అదొక్కటే. దాన్నెందుకివ్వాలి అనుకుంది.

రెండేళ్ళకు, 2014 ఎండాకాలంలో, సుక్కమ్మ కడుపులో గడ్డ బయటపడింది. సూర్యాపేటలో డాక్టరు ఫిల్ములు చూసి, ఇంటికి తీసుకపొమ్మన్నాడు. నాలుగు వారాలు, ఐదు వారాలు అన్నాడు.

పది ఊళ్ళకు చావు పాఠం చెప్పిన మనిషి చావుకు ఎట్లా భయపడిందో చూడాలి. కోడలు కళ్ళముందు నుంచి కదిలితే కేకలు వేసేది. మంచంపట్టె పట్టుకుంటే వేళ్ళు తెల్లబడేవి. ఇంకో దవాఖానకు తోల్కపో, ఇంకో గోలియ్యి అని వచ్చినవాళ్ళనల్లా బతిమాలేది. వచ్చినవాళ్ళు ఆమె మాటే ఆమెకు అప్పజెప్పిపోయేవాళ్ళు. ఒకరోజు దేవమ్మ వచ్చింది, పాము కరిచిన పిల్ల తల్లి. మంచం పక్కన గొంతుక్కూర్చుని, సుక్కమ్మ ఒకప్పుడు కూర్చున్నట్టే కూర్చుని, "పట్టుకుంటేనే దుక్కం సుక్కమ్మా. ఇడువు," అంది. సాయంత్రం దాకా అదే అంది. వెళ్ళేటప్పుడు దేవమ్మ నడకలో పదేళ్ళ బరువు దిగిపోయింది.

జూన్ రెండో తారీకున, కొత్త రాష్ట్రం వచ్చిందని ఊళ్ళో పొద్దున్నుంచీ పటాకులు కాలుస్తున్నారు. సుక్కమ్మ వాటిని పిడుగులనుకుంది. ఈదయ్యను లోపలికి రమ్మని కేకలేసింది. తర్వాత వేణును పిలవడం మొదలుపెట్టింది. ఐదేళ్ళలో ఆమె నోట ఆ పేరు రావడం అదే మొదటిసారి. వేణూ, నా అయ్యా, ఎటు పోయినవ్ బిడ్డా అని మధ్యాహ్నం దాకా పిలుస్తూనే ఉంది.

సౌందర్య లేచింది. పెట్టె తెరిచింది. అంగీ తీసుకుని కొట్టంలోకి వెళ్ళి, నేర్పినవాళ్ళు మెచ్చేంత శ్రద్ధగా వరిగడ్డి కూరింది. గుండీలు పెట్టింది. చేతుల చివరలు కుట్టింది. తెచ్చి అత్త పక్కన పడుకోబెట్టింది.

"ఇగో అత్తా, నీ కొడుకు," అంది.

సుక్కమ్మ చేయి కదిలింది. అంగీ భుజం మీద పడింది, గుండీల మీదుగా కిందికి జారింది, మళ్ళీ పైకి వెళ్ళింది. పది ఊళ్ళ దుడ్డెలకు గడ్డి కూరిన వేళ్ళవి. మెడ దగ్గర పైకి తేలిన గడ్డిపోచలను అవి తడిమాయి. సౌందర్య ఐదేళ్ళుగా ఎదురుచూసిన గడియ వచ్చింది.

"గడ్డే గదా," అంది సుక్కమ్మ. గొంతు తేటగా ఉంది.

"గడ్డే. పట్టుకుంటేనే దుక్కం అత్తా. ఇడువు."

ముసలిది విడవలేదు. అంగీని దగ్గరికి లాక్కుని ముఖం అందులో పెట్టుకుంది.

"ఎరుకే," అంది. "బర్రెకు గూడ ఎరుకేనే పిల్లా."

సౌందర్యకు చెంప మీద కొట్టినట్టయింది. ఐదేళ్ళు నూరుకున్న మాట అనేసింది, చేతిలో ఏమీ మిగల్లేదు. అత్త వెక్కుతోంది, బొమికల వీపు ఎగిరెగిరి పడుతోంది. రెండో సగం చెబుదామని సౌందర్య మంచం మీదికి వంగింది. కొట్టంలో బర్రె అరిచింది. మూడయింది. పొద్దున కూడా సరిగ్గా పిండలేదు, పొదుగు రాయై ఉంటుంది. పిండి వచ్చి, నెమ్మదిగా పక్కన కూర్చుని చెబుదాంలే అనుకుంది.

గడ్డిదుడ్డెను తెచ్చి బర్రె ముందు నిలబెట్టింది. అది ఎన్నివందలసార్లు చేసిన పనో. ఆ రోజు మాత్రం నిలబడి చూసింది. బర్రె ముట్టె చాపి వాసన చూసింది. ఒక అడుగు వెనక్కి వేసింది. అలాగే నిలబడి, దాన్ని చాలాసేపు చూసింది. అప్పుడు ముందుకొచ్చి నాకడం మొదలుపెట్టింది. ఆ వెనక్కి వేసే అడుగు ఇన్నేళ్ళూ సౌందర్య చూడలేదు. చెంబు పక్కన పెట్టి, బర్రె మెడ కింద కూర్చుంది. ఏడుపు వచ్చింది. వేణు పోయిన నాటిది, సగంలో ఆగినది, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే వచ్చింది.

ముఖం కూడా తుడుచుకోకుండా లోపలికి పరిగెత్తేసరికి సుక్కమ్మ పోయి ఉంది. అంగీ పిడికిట్లోనే ఉంది. వేళ్ళు విప్పడానికి ఎవరి వల్లా కాలేదు. విరుద్దామా అని ఒకరు అడిగారు. వద్దని సౌందర్య అడ్డం పడింది. గడ్డితో సహా అలాగే మట్టి చేశారు.

గుంత దగ్గర ఊరంతా ఒకటే మాట, మహా జ్ఞాని, దేన్నీ పట్టుకోకుండా పోయింది అని. సౌందర్య వెక్కిళ్ళు ఆగడం లేదు. కమలమ్మ పక్కకొచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"ఏడ్వకు బిడ్డా," అంది. "మీ అత్తకు ఏడుపంటే పడదు. ఆమె ఆత్మ పరేషానయితది."

"మా అత్త బర్రె పిండే యాళయ్యిందని సగమే ఇని వచ్చింది," అంది సౌందర్య. "కడమ సగం రెండేళ్ళ సంది నా తాననే ఉండె కమలమ్మా. నేను చెప్పలే."

కమలమ్మకు ఏమీ అర్థం కాలేదు. దుఃఖంలో ఏదో అంటోందనుకుని, ఊరుకో ఊరుకో అంటూ, కొంగు తీసి సౌందర్య నోటికి అడ్డం పెట్టింది.